అమ్మ గదిలో వేడి ఎంత?

శివరాత్రి వెళ్లింది. చలి కూడా శివశివా అంటూ వెళ్లిపోయింది. ఉగాది దాటితే ఇక మనకు తెలిసిన ఎండలే. ఏసీ సర్వీసింగ్‌కు మెకానిక్‌ను పిలవడం, కూలర్‌లో కొత్త గడ్డి వేయించడం, మంచినీళ్లకు కుండ కొనడం... మన ఇళ్లలో ఈ పనులన్నీ ఇప్పుడే మొదలవుతాయి. ఈసారి ఆ జాబితాలో ఇంకొక్క పని చేర్చుకోండి. మీ అమ్మగారో, నాన్నగారో, ఒంటరిగా మిగిలిన మేనత్తో ఏదైనా వృద్ధాశ్రమంలోనో, కేర్ హోమ్‌లోనో ఉంటే... మే నెల మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఎన్ని డిగ్రీల వేడి ఉంటుందో కనుక్కోండి.

పెద్దవాళ్లను చేర్పించే ముందు మనం చాలా అడుగుతాం. భోజనం ఎలా ఉంటుంది, డాక్టర్ ఎన్ని రోజులకోసారి వస్తారు, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్డు ఉందా, రాత్రిపూట ఆయా ఉంటుందా. అన్నీ అడగాల్సినవే. కానీ గది పైన ఇంకో అంతస్తు ఉందా, లేక నేరుగా ఎండకు కాలే స్లాబేనా? కిటికీకి ఎదురుగా గాలి బయటికి పోయే దారి ఉందా? కరెంటు పోతే ఏం చేస్తారు? ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు తక్కువ. అడగం కాబట్టి నిర్వాహకులూ పట్టించుకోరు. పట్టించుకోని పనికి డబ్బు కేటాయించే ప్రశ్నే రాదు.

వడదెబ్బ రోడ్డు మీదే తగలదు

వడదెబ్బ అనగానే మన కళ్ల ముందు కనిపించేది ఎండలో నడిచి సొమ్మసిల్లిన మనిషి. ఉపాధి కూలీ, రిక్షావాలా, పొలం నుంచి తిరిగొస్తున్న రైతు. అది నిజమే. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు రెండు వేల మందికి అటూఇటుగా ప్రాణాలు పోయినప్పుడు అలాంటివాళ్లను మనం చూశాం. అయితే ఇంకో రకం వడదెబ్బ ఉంది. అది నీడలో, మంచం మీద, ఫ్యాను కింద తగులుతుంది. చప్పుడు చేయదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2021 వేసవిలో అసాధారణమైన వేడి వచ్చింది. వేడి వల్ల 619 మంది చనిపోయారని అక్కడి అధికారులు ఒక్కొక్క మరణాన్నీ పరిశీలించి తేల్చారు. వారిలో 98 శాతం మంది చనిపోయింది నాలుగు గోడల మధ్యే. మూడింట రెండు వంతుల మంది 70 ఏళ్లు, ఆపైబడినవారు. చల్లటి దేశం కాబట్టి అక్కడ ఏసీలు తక్కువ అనుకోవచ్చు. మన వృద్ధాశ్రమాల్లో మాత్రం ఎన్నిటిలో ఉన్నాయి?

వయసు పైబడ్డ శరీరం వేడిని తట్టుకోలేకపోవడానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. చెమట పట్టడం తగ్గుతుంది. లోపలి వేడిని బయటికి పంపడానికి చర్మానికి రక్తాన్ని పంపాలి. బలహీనపడ్డ గుండెకు అది పెద్ద శ్రమ. దాహం తెలియదు. ఒంట్లో నీరు తగ్గినా నాలుక ఎండినట్టు అనిపించదు. పైగా రాత్రి బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని చాలామంది సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. దీనికి మందులు తోడవుతాయి. బీపీకి, గుండెకు ఇచ్చే మూత్రం ఎక్కువ పోయే మాత్రలు నీటిని తగ్గిస్తాయి. బీటా బ్లాకర్లు, కొన్ని మానసిక సమస్యల మందులు శరీరం చల్లబడే పద్ధతిని దెబ్బతీస్తాయి. వీటిని మీరుగా ఆపకూడదు. వేసవికి ముందు డాక్టర్‌కు చూపించి మోతాదు మార్చాలా అని అడగాలి. ఇక మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు ‘ఉక్కగా ఉంది, కిటికీ తియ్యమ్మా’ అని కూడా అనలేరు.

అలాంటివాళ్లు పోయినప్పుడు సర్టిఫికెట్‌లో గుండెపోటు అని, కిడ్నీలు పాడయ్యాయని రాస్తారు. మనం ‘పెద్దవయసు కదా’ అనుకుంటాం. గదిలో వేడి ఎంత ఉందో ఎవరూ రాయరు.

గాలి వేరు, చల్లదనం వేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏమిటంటే, పెద్దవాళ్లు ఉండే గది వేడి పగలు 32 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటకూడదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల రాత్రి ఆరుబయటే 24 డిగ్రీలు కష్టం. కానీ పగటి 32 డిగ్రీల విషయంలోనైనా మనం రాజీ పడకూడదు. పై అంతస్తులో, రోజంతా ఎండకు కాలిన స్లాబు కింద, రాత్రి పదకొండు గంటలకు కూడా గది ఎలా ఉంటుందో డాబా ఇంట్లో పెరిగిన వాళ్లందరికీ తెలుసు. రేకుల షెడ్డు సంగతి చెప్పనక్కర్లేదు.

ఫ్యాను ఉంది కదా అంటారు. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మనిషిని చల్లబరచదు. వేడిగాలిని ఒంటి మీదికి కొట్టి శరీరాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. చెమట పట్టని వృద్ధుల్లో ఈ ఇబ్బంది అంతకంటే ముందే మొదలవుతుంది. కూలర్ తెలంగాణ, రాయలసీమ పొడి వేడికి బాగా పనిచేస్తుంది. అదీ కిటికీ తెరిచి ఉంటేనే. కోస్తా ఉక్కపోతలో కూలర్ పెడితే తేమ పెరిగి చెమట ఆరదు. అక్కడ ఏసీయే దారి.

ఏసీ పెట్టాం, సమస్య తీరిందనుకుంటే ఇంకో పొరపాటు. మనం వాడే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. తలుపులన్నీ బిగించిన హాల్లో 20 మంది కూర్చుంటే, ఒకరి దగ్గు తుంపరలు అందరూ పీలుస్తారు. ఫ్లూ, క్షయ, కోవిడ్ ఇలా పాకేవే. కోవిడ్ రోజుల్లో సంపన్న దేశాల్లో సైతం కేర్ హోమ్‌లు అంతగా దెబ్బతినడానికి గాలి ఆడని గదులు ఒక కారణం. అందుకే బయటి గాలి వచ్చే దారి, లోపలి గాలి పోయే దారి రెండూ ఉండాలి. ఒక మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురెదురు కిటికీలకు దోమల మెష్ ఉంటే సగం పని అయినట్టే. మెష్ లేకపోతే సాయంత్రం అయిదింటికే దోమలకు భయపడి కిటికీలు మూసేస్తారు. అవి మళ్లీ తెరిచేది తెల్లవారాకే.

గాలి ఆడుతోందా లేదా అన్నది కొలవచ్చు. ఆరుబయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం దాకా ఉంటుంది. గదిలో అది 800 దాటిందంటే మనుషులు వదిలిన గాలి అక్కడే తిరుగుతోందని అర్థం. దీన్ని చూపించే చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

మన దగ్గర చలి కూడా ఉంది. ఆదిలాబాద్, లంబసింగి ప్రాంతాల్లో డిసెంబర్, జనవరి రాత్రులు ఒంటి అంకెకు పడిపోతాయి. పెద్దవాళ్ల గది 18 డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గితే రక్తనాళాలు కుంచించుకుపోయి బీపీ పెరుగుతుంది. ఒక్క హెచ్చరిక... మూసిన గదిలో కుంపటి పెట్టడం మాత్రం ఎక్కడా అనుమతించకండి. బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అసలు అడ్డంకి డబ్బేనా?

నిర్వాహకుల్ని అడిగితే చెప్పేది ఒకటే, ‘ఏసీలు పెడితే కరెంటు బిల్లు కట్టలేం’. వాళ్ల మాటలోనూ నిజం ఉంది. చాలా ఆశ్రమాలు అద్దె ఇళ్లలో నడుస్తున్నాయి. ఇంటి యజమాని గోడ పగలగొట్టి కిటికీ పెట్టడు. వచ్చే ఏడాది ఖాళీ చేయాల్సి వస్తుందేమోనని నిర్వాహకులు డబ్బు పెట్టరు. మనం నెలనెలా కట్టేది భోజనానికి, జీతాలకు, అద్దెకు సరిపోతుంది. దాతలు పుట్టినరోజుకు అన్నదానం చేస్తారు, దుప్పట్లు పంచుతారు, ఫొటో దిగుతారు. స్లాబుకు తెల్ల రంగు వేయించడానికి దాత దొరకడు. ఎగ్జాస్ట్ ఫ్యాను మీద పేరు రాయించుకోవాలని ఎవరికుంటుంది?

అయినా ఒకసారి లెక్క వేసుకుని చూద్దాం. ప్రతి గదికీ ఏసీ అక్కర్లేదు. రోజులో రెండు మూడు గంటలు చల్లటి చోట గడిపినా శరీరం తేరుకుంటుంది. కాబట్టి 20 మంది పట్టే ఒక్క హాలు చాలు. రెండు టన్నుల ఏసీలు రెండు, వైరింగ్, ఎగ్జాస్ట్ ఫ్యాను, కిటికీ తెరలు కలిపి లక్షన్నర అనుకుందాం. ఏసీని 27 డిగ్రీల మీద పెట్టి పైన ఫ్యాను తిప్పితే హాయిగా ఉంటుంది, బిల్లూ బాగా తగ్గుతుంది. రెండూ కలిపి గంటకు మూడు యూనిట్లు, రోజుకు 8 గంటలు, వేసవిలో 90 రోజులు. మొత్తం 2,160 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలనుకున్నా 21,600 రూపాయలు. తలా 1,080. యంత్రాలు ఎనిమిదేళ్లు పనిచేస్తాయనుకుంటే వాటి ఖర్చు తలా ఏడాదికి ఇంకో 940. అంటే ఒక పెద్ద మనిషికి ఏడాదికి రెండు వేలు, నెలకు 170 రూపాయలు. మన ఇంట్లో నెలనెలా వచ్చే ఇంటర్‌నెట్ బిల్లు అంతకంటే ఎక్కువ.

కాబట్టి అడ్డంకి డబ్బు ఒక్కటే కాదు. ఈ ఖర్చు ఎవరిదో మనం ఎప్పుడూ తేల్చుకోలేదు. చల్లదనాన్ని మనం సౌకర్యం కింద లెక్కేస్తున్నాం. ‘ఏసీ రూమ్’ అంటే ఎక్కువ ఫీజు కట్టేవాళ్లకు. మిగతావాళ్లకు ఫ్యాను. బీపీ మాత్ర ఎక్కువ కట్టేవాళ్లకే ఇస్తామంటే ఒప్పుకుంటామా? 75 ఏళ్ల మనిషికి మే నెలలో చల్లటి గది కూడా మందు లాంటిదే.

ఒక దేశం ఏం చేసింది?

2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వడగాడ్పులు వీచాయి. మూడు వారాల్లోపే మామూలు కంటే దాదాపు 15 వేల మంది ఎక్కువగా చనిపోయారు. అత్యధికులు వృద్ధులు. అవి సెలవుల రోజులు. పిల్లలు, మనవలు ఊళ్లు తిరగడానికి వెళ్లారు. దేశమంతా సిగ్గుపడింది.

ఆ తర్వాత రెండు పనులు జరిగాయి. మొదటిది, ప్రతి వృద్ధుల కేర్ హోమ్‌లో కనీసం ఒక్క చల్లటి గది ఉండి తీరాలన్నారు. ప్రతి గదీ కాదు, ఒక్క గది. రెండోది డబ్బు సంగతి. 2004లో చట్టం చేసి, ఏడాదికి ఒక సెలవు రోజున ఉద్యోగులు అదనపు జీతం లేకుండా పనిచేయాలన్నారు. దానికి బదులుగా యజమానులు తాము చెల్లించే జీతాల్లో 0.3 శాతాన్ని వృద్ధుల, దివ్యాంగుల సంరక్షణ కోసం పెట్టిన నిధికి కట్టాలి. మొదట్లో గొడవలయ్యాయి. సెలవు పోయిందని జనం తిట్టుకున్నారు. తర్వాత ఏ రోజన్నది ఎంచుకునే వెసులుబాటు ఇచ్చారు. ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఏటా రెండు వందల కోట్ల యూరోలకు పైగా వస్తున్నాయి.

2006 జులైలో అక్కడ మళ్లీ తీవ్రమైన వేడి వచ్చింది. పాత లెక్కల ప్రకారం 6,400 మంది అదనంగా చనిపోవాలి. చనిపోయింది రెండు వేల పైచిలుకు. ముందస్తు హెచ్చరికలు, జనంలో వచ్చిన జాగ్రత్త, కొత్త ఏర్పాట్లు అన్నీ కలిసి మిగతా ప్రాణాలు నిలిపాయని పరిశోధకులు భావించారు.

మనం ఫ్రాన్స్ కాదు, నిజమే. కానీ వాళ్లు తేల్చుకున్న విషయం మనకూ పనికొస్తుంది. ప్రమాణం చిన్నదిగా, అందరికీ ఒకటిగా ఉండాలి. డబ్బు దాతల దయ మీద కాకుండా ఏటా వచ్చే దారిలో ఉండాలి.

మన దగ్గర ఉన్న దారులు

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమాన్ని, 150 మందికి సరిపోయేలా, రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయవచ్చని అందులో ఉంది. ‘చేయాలి’ అని లేదు, ‘చేయవచ్చు’ అని ఉంది. ఆశ్రమాల్లో సేవల ప్రమాణాలు నిర్ణయించే అధికారం కూడా అదే చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ ప్రమాణాల్లో ఒక్క వాక్యం చేర్చమని మన రెండు ప్రభుత్వాలను కోరుతున్నాం. ప్రతి వృద్ధాశ్రమంలో, అందరూ పట్టే ఒక చల్లటి, గాలి ఆడే గది ఉండాలి.

స్వచ్ఛంద సంస్థలు నడిపే ఆశ్రమాలకు కేంద్ర ప్రభుత్వం సాయం ఇచ్చే పథకం ఉంది. ఆ సాయానికి ఈ గదిని షరతుగా పెట్టవచ్చు, దానికయ్యే ఖర్చును సాయంలోనే కలపవచ్చు. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ పనుల జాబితాలో వృద్ధాశ్రమాల పేరు స్పష్టంగానే ఉంది. మీరు పనిచేసే కంపెనీలో ఆ నిధులు చూసే విభాగం ఉంటే, ఈ ఏడాది దుప్పట్లకు బదులు ఒక హాలుకు చల్లదనం అడగండి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లటి పైకప్పులు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో మొదటి వరుస ఆశ్రమాలది కావాలి. స్లాబుకు ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేస్తే గది వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ఏసీ కంటే చాలా తక్కువ ఖర్చు. పైన సోలార్ పలకలు పెడితే ఎండ మండే వేళకే కరెంటు వస్తుంది, స్లాబుకు నీడా పడుతుంది.

కరెంటు పోయినప్పటి సంగతి మరవద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో 2017లో తుపాను వచ్చి ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీలు ఆగిపోయాయి. పక్కనే పెద్ద ఆస్పత్రి ఉంది. అయినా వేడికి 12 మంది వృద్ధులు చనిపోయారు. ఆ మరుసటి ఏడాది ఆ రాష్ట్రం నర్సింగ్ హోమ్‌లకు జనరేటర్లు తప్పనిసరి చేసింది. తుపానుల తీరం మనదీ.

ఈ ఆదివారం మీరు చేయాల్సింది

ప్రభుత్వం చేసేదాకా మే నెల ఆగదు. అందుకే మీ వంతు పని ఇది.

మీ పెద్దవాళ్లను చూడటానికి వెళ్లినప్పుడు పండ్లతో పాటు ఒక గది థర్మామీటర్ తీసుకెళ్లండి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. గోడకు తగిలించి, మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి పదింటికీ అంకె రాసిపెట్టమని ఆయాను అడగండి. 32 దాటడం మొదలైతే మాట్లాడటానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

మంచం మీదే ఉన్నవాళ్లను పై అంతస్తు నుంచి కిందికి మార్చమనండి. చల్లటి హాలు ఉన్నా వాళ్లు నడిచి రాలేరు. వీల్‌చైర్లు ఎన్ని ఉన్నాయో, తోసుకెళ్లే మనుషులు ఎవరో కూడా అడగండి.

అక్కడున్న మిగతా కుటుంబాల ఫోన్ నంబర్లు తీసుకోండి. హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు, దుబాయ్‌లో ఒకరు ఉంటారు. వాట్సాప్‌లో ఒక్క గ్రూపు చాలు. నిర్వాహకులతో తగువు పెట్టుకోకండి. పైన వేసిన లెక్క వాళ్ల ముందు పెట్టండి. కట్టలేనివాళ్ల వాటా కట్టగలిగేవాళ్లు పంచుకోండి. ఆ హాలు అందరిదీ కావాలి, ఎక్కువ కట్టినవాళ్లది మాత్రమే కాకూడదు. డబ్బు చేతికివ్వకుండా సంస్థ ఖాతాకే వేసి రసీదు తీసుకోండి. ఏసీ, ఫ్యాను, మెష్, రంగు... ఏది ఎంతకు కొన్నారో గ్రూపులో పెట్టమనండి.

వేడి రోజుల్లో ఎవరైనా తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, లేపినా లేవకపోయినా 108కు ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోగా ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ గాలి తగలనివ్వాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఇది ఆయాలందరికీ తెలుసో లేదో అడగండి. ఆ వేడిలో పన్నెండు గంటలు పనిచేసేది వాళ్లే. చల్లటి హాలు వాళ్లకూ పనికొస్తుంది.

మనల్ని పెంచిన రోజుల్లో వాళ్లు ఏసీ ఎరగరు. ఆరుబయట నులకమంచం వేసి, మనకు నిద్ర పట్టేదాకా విసనకర్రతో విసిరారు. చెయ్యి నొప్పి పుడుతోందని మనతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు కూడా వాళ్లు ఫోన్‌లో ‘ఇక్కడ అంతా బాగుంది, నువ్వు జాగ్రత్త’ అనే అంటారు. ఉక్కగా ఉందని చెప్పరు. గోడ మీది థర్మామీటర్ చెబుతుంది. దాన్ని ఏప్రిల్ రాకముందే తగిలించండి.